సోసిమోకు పదకొండు మంచి చావులు

ఇలారియా పలోమినో చదివినన్ని థీసిస్‌లు ఆ విశ్వవిద్యాలయంలో ఏ ప్రొఫెసరూ చదివి ఉండడు. ప్రొఫెసర్లు మొదటి పేజీ, చివరి పేజీ చూస్తారు. మధ్యలో తమ పేరు ఎన్నిచోట్ల వచ్చిందో వెతుక్కుని సంతకం పెడతారు. ఇలారియాకి ఆ వీలు లేదు. చదవకపోతే టైపు చెయ్యలేదు.

వామంగా అనే కొండల ఊళ్ళో, విశ్వవిద్యాలయం వెనక వీధిలో, ఫోటోకాపీ కొట్టుకీ పందిమాంసం వేయించే కొట్టుకీ మధ్య ఆమె గది. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. గుమ్మం మీద రేకు బోర్డు: టైపు, స్పైరల్ బైండింగు, కెచువా నుంచి స్పానిష్‌లోకి రాత. ఆ మూడో పనికే పిల్లలు ఆమెని వెతుక్కుంటూ వస్తారు. అమ్మమ్మలు కెచువా మాట్లాడిన ఇళ్ళ పిల్లలు వాళ్ళు. తల్లులు సిగ్గుపడి ఆ భాష నేర్పలేదు. ఇప్పుడు అస్తిత్వం గురించి, మూలాల గురించి రాయాలని రికార్డరు పట్టుకుని కొండలెక్కుతారు. ఆ మూలాలు మాట్లాడింది ఒక్క ముక్క అర్థంకాక ఇలారియా దగ్గరికి దిగి వస్తారు.

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కాలి కింద పెడల్ తొక్కుతూ టేపు ఆపుతూ, నడుపుతూ రాస్తుంది. ఎక్కువగా ఆ చెడ్డ ఏళ్ళ కథలే. పగలు సైనికులూ రాత్రి తిరుగుబాటుదారులూ వచ్చి మనుషుల్ని పట్టుకుపోయిన ఏళ్ళు. టేపుల్లో ముసలివాళ్ళు పేర్లు చెప్పి ఏడుస్తారు. కాగితం మీద ఆ పేర్లు ఉండకూడదు. అది పరిశోధన నిబంధన. మాట్లాడినవాళ్ళు వక్త ఒకటి, వక్త రెండు అవుతారు. చచ్చినవాళ్ళకి మారుపేర్లు పెట్టాలి. పెట్టే పని కూడా ఇలారియాదే.

పదిహేడేళ్ళ కింద, మొదటిసారి ఆ పని పడినప్పుడు, ఏం పేరు పెట్టమంటారని ఆమె అడిగితే టేపు తెచ్చిన గడ్డం కుర్రాడు భుజాలెగరేశాడు.

"ఏదో ఒకటి పెట్టండి డోన్యా. ఎవరు చూడొచ్చారు?"

ఆ టేపులో ఒక మనిషిని వాగు పక్కన కాల్చారు. ఒక గొర్రెలకాపరి అతన్ని చెట్టు నీడకి లాగి, తన దుప్పటి తీసి కప్పి, ప్రాణం పోయేదాకా పక్కనే కూర్చున్నాడు. ఇలారియా వేళ్ళు టైపు మిషను మీద కాసేపు ఆగాయి. తర్వాత వాటంతటవే కొట్టాయి: సోసిమో.

సోసిమో ఆమె అన్న. ఊళ్ళో రేకుపని నేర్చుకునేవాడు. రేకుతో కోళ్ళు, కొవ్వొత్తి గూళ్ళు చేసేవాడు. అరువు పుస్తకాలు తెచ్చి పొయ్యి వెలుగులో చదివేవాడు. ఒక తెల్లవారుజామున మొహాలకి గుడ్డలు కట్టుకున్న నలుగురు అతన్ని దుకాణం గుమ్మం దగ్గరే పట్టుకుని తీసుకుపోయారు; మళ్ళీ తిరిగి రాలేదు. వాళ్ళు ఏ పక్షంవాళ్ళో ఇప్పటికీ తెలియదు. సోసిమోకి పంతొమ్మిది, ఇలారియాకి పదిహేను. ఇప్పుడు ఆమెకి నలభై ఒకటి. అన్నకి ఇంకా పంతొమ్మిదే.

ఆ పేరు టైపు చేసిన రోజు ఆమెకి ఇన్నేళ్ళలో లేని నిద్ర పట్టింది. అన్నకి ఒక వాగు గట్టు దొరికింది. నీళ్ళ చప్పుడు వినపడే చోటు. పక్కన ఒక మనిషి.

అప్పట్నుంచీ థీసిస్‌కి ఒక్కసారి, ఒక్కసారే, సోసిమో వస్తాడు. టేపులన్నీ విని వాటిలో అన్నిటికన్నా మంచి చావు ఏదో చూసి అతనికి ఇస్తుంది. తొందరగా పోయినది, ఎవరో ఒకరు తల ఒళ్ళో పెట్టుకున్నది, దుప్పటి కప్పినది. లారీ వెనక కట్టి ఈడిస్తే పోయినవాళ్ళకీ, ఇంట్లో పెట్టి కాలిస్తే పోయినవాళ్ళకీ ఫెర్మిన్ అనో ఇసాక్ అనో పెట్టేది. ఆ ఫెర్మిన్‌లకీ చెల్లెళ్ళు ఉంటారన్న సంగతి తలపుకి రానిచ్చేది కాదు. పేరు తప్ప తను ఒక్క మాట కూడా మార్చలేదని, అదే తన నిజాయితీ అని ఆమె నమ్మకం. పదిహేడేళ్ళలో పదకొండు థీసిస్‌లు. పదకొండు మంచి చావులు.

అయితే అవన్నీ కాగితం మీద. ఇంట్లో సోసిమో చావలేదు.

వెనక గదిలో తల్లి ఫెలిసితాస్ రోజూ మూడు పళ్ళేలు పెడుతుంది. ఆమెకి డెబ్భై రెండు. మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. ఇద్దరూ తిన్నాక, ఎవరూ తాకని మూడో పళ్ళెం కూడా కడిగి బోర్లిస్తుంది. నవంబరు మొదటి రోజు మధ్యాహ్నం చచ్చినవాళ్ళు ఇంటికి వస్తారు, మర్నాడు మధ్యాహ్నం వెళ్ళిపోతారు. వాళ్ళ కోసం బల్ల వేయాలి. ఆడవాళ్ళకి బొమ్మ ఆకారపు రొట్టె, మగవాళ్ళకి గుర్రం ఆకారపు రొట్టె. తండ్రికి గుర్రం, నాయనమ్మకి బొమ్మ పెడతారు. సోసిమో గుర్రం మాత్రం ఏనాడూ ఆ బల్ల ఎక్కలేదు. రొట్టె దొరకని చచ్చినవాడు ఊరి పొలిమేరల్లో ఆకలితో తిరుగుతాడంటారు. బతికి ఉన్నవాడికి రొట్టె పెడితే, వాణ్ణి చేజేతులా చంపుకున్నట్టే అంటారు. ఆ రెంటి మధ్యా ఇరవై ఆరు నవంబర్లు గడిచాయి.

పదకొండేళ్ళ కింద ఒకసారి ఇలారియా తెగించి అన్న పేరున గుర్రం కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. తల్లి కుంటుకుంటూ వచ్చి దాన్ని తీసేసింది.

"రేపు వాడొచ్చి అడిగితే ఏం చెప్తావే? అన్నా, నిన్ను చంపేశాం, నీ రొట్టె కూడా మేమే తినేశాం అంటావా?"

"వస్తాడా అమ్మా?"

"రాడని నీకెవురు చెప్పారు? చూసినోళ్ళని తీసుకురా. నా ఎదట నిలబెట్టు. అప్పుడు పెడతా, నా చేత్తోనే పెడతా."

ఆ గుర్రాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేసింది. చూసినవాళ్ళని తీసుకురావాలి. ఇలారియాకి అప్పట్నుంచీ కావలసింది అదొక్కటే. చూసిన మనిషి ఒక్కరు.

ఆ ఏడు సెప్టెంబరు నెలాఖరున నొయెమి అనే అమ్మాయి తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. లీమాలో పెరిగిన పిల్ల. చెడ్డ ఏళ్ళలో తాతలు వదిలి పారిపోయిన ఊరికి దగ్గరగా ఉండాలని ఇక్కడ సాహిత్యం చదువుతోంది. మెడలో ఉన్ని శాలువా. ఊరి ఆడవాళ్ళు కట్టుకునేదాన్ని ఆ పిల్ల బ్యాడ్జీలా వేసుకుంటుంది.

"డోన్యా ఇలారియా, మీరు కూర్చునే ఉన్నారా?"

"నిలబడి టైపు చేసేవాళ్ళని ఎక్కడైనా చూశావా తల్లీ?"

"నా థీసిస్ పూర్తయినట్టే. వింటే మీరు కిందపడతారు." నొయెమి స్టూలు లాక్కుంది. "మూడేళ్ళుగా లైబ్రరీలో కూర్చుని పాత థీసిస్‌లన్నీ చదివాను. మానవశాస్త్రం, సాహిత్యం, చరిత్ర, అన్నీ. ఎవరూ చూడనిది నేను చూశాను. పదకొండిట్లో ఒకే పేరు డోన్యా. సోసిమో."

ఇలారియా స్టేప్లర్‌లో పిన్నులు వేస్తోంది. వేస్తూనే ఉంది.

"ఏడు జిల్లాలు. ఒక ఊరికి ఇంకో ఊరి సంగతి తెలీదు. అయినా అందరి కథల్లోనూ సోసిమో. ఎప్పుడూ ఎవరో ఒకరు దుప్పటి కప్పుతారు. ఒక్కసారి కూడా ఒంటరిగా చావడు. అర్థమవుతోందా? సోసిమో అనే మనిషి అసలు లేడు. అదే నా వాదన. పాతిపెట్టలేకపోయిన వాళ్ళందరికీ బదులు జనం ఒక్కణ్ణి పుట్టించుకున్నారు."

"పేర్లు మారుస్తారు కదమ్మా థీసిస్‌లలో," అంది ఇలారియా, పిన్నుల వంక చూస్తూనే.

"మా గైడు కూడా అదే అన్నాడు. మారుపేరైతే హొసే అనో హువాన్ అనో పెడతారు గానీ, పదకొండుమంది వేరువేరు మనుషులు వెతికి వెతికి సోసిమో అని పెడతారా అన్నాను. నోరు మూశాడు." నొయెమి గర్వంగా నవ్వింది. "పైగా పోయిన నెల నేనే కొండెక్కాను. నాకూ దొరికాడు. ఇదిగో, ఇందులో ఉంది. ఇది రాసిపెడితే ఐదో అధ్యాయం అయిపోతుంది. అక్టోబరు ఇరవై ఎనిమిదిన వైవా."

పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. పదకొండుమంది కాదమ్మా, ఒక్కతే అని చెప్పడానికి ఇలారియాకి చాలినంత సమయం ఉంది. చెప్పలేదు. నీ అన్న అసలు లేడని ఒకరు అంత సంతోషంగా చెబుతుంటే ఏ మాటతో అడ్డుపడాలో తెలియలేదు.

మధ్యాహ్నం హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ముందు కోళ్ళ చప్పుడు. తర్వాత ఒక ముసలి ఆడగొంతు, నెమ్మదిగా, ఉన్ని వడుకుతూ మాట్లాడేవాళ్ళు మాట్లాడినట్టు.

"సోసిమోనా. తెలవకేం. నా గుమ్మం కాడికే వచ్చాడు. కుర్రోడు. ఎడం చేతి చిటికెన వేలికి కొస లేదు. ఉడకేసిన మొక్కజొన్న పెట్టాను. రెండు గింజలు నోట్లో పెట్టుకున్నాడు. నా చేతుల్లోనే పోయాడు. దుప్పటి కప్పాను."

ఇలారియా కాలు పెడల్ మీంచి లేచిపోయింది. గొంతు ఆగింది. వెనక్కి తిప్పింది. ఎడం చేతి చిటికెన వేలికి కొస లేదు. మళ్ళీ తిప్పింది. ఎనిమిదిసార్లు విన్నది.

పండగ ముందురోజు రేకు కోడికి తోక కత్తిరిస్తూ సోసిమో ఆ వేలు కోసుకున్నాడు. తెగిన ముక్కని అగ్గిపెట్టెలో పెట్టి చెల్లెల్ని భయపెట్టాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆమె మార్చింది పేరొక్కటే. వేలు ఆమె ఎక్కడా రాయలేదు. మరి ఈ మనిషికి ఎలా తెలుసు?

చూసింది కాబట్టి తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆమె మంచి పావడా కట్టుకుని టోపీ పెట్టుకుంటుంటే తల్లి చూసింది.

"ఎక్కడికే?"

"థీసిస్ పని."

"చదువుకున్నోళ్ళ పనంతా నువ్వే చేస్తే ఇంక వాళ్ళేం చేస్తారే?"

"సంతకం పెడతారు."

చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది. ముందు ఆ మనిషిని తీసుకువచ్చి ఎదురుగా నిలబెట్టాలి అనుకుని ఊరుకుంది.

వ్యాను మూడు గంటలు కొండ చుట్టూ తిరిగి ఉచుకాంచా అనే ఊళ్ళో దింపింది. ఆ ముసలామె పేరు బసిలియా. ఇంటి ముందు ఎండలో కూర్చుని, టేపులో విన్నట్టే, కదురు తిప్పుతూ ఉంది. ఇలారియా దండం పెట్టి, తెచ్చిన కోకా ఆకు, చక్కెర ఇచ్చి, పక్కన నేల మీదే కూర్చుంది. ఇద్దరూ ఆకు నమిలారు. తర్వాత ఇలారియా చెప్పింది.

"అమ్మా, ఆ సోసిమో మా అన్న."

కదురు ఆగింది.

"మీ అన్నా? నిజంగా మనిషేనా?"

"మనిషే. మీ చేతుల్లో పోయాడుగా."

ముసలామె ఉన్ని దారం వేలికి చుట్టుకుంది, విప్పుకుంది.

"తల్లీ, తిట్టుకోబాకు. నేను మీ అన్నని చూడలా."

"వేలు చెప్పారు కదమ్మా. చిటికెన వేలు."

"వేలు ఆ పిల్ల కాగితంలోనే ఉండాది. ఆ శాలువా పిల్ల. దానికి మన మాట రాదుగా. మా బడి పంతులు కాగితంలో మన మాటలో రాసిస్తే, గుళ్ళో చదివినట్టు చదివింది. వాగు కాడ పోయినోడు, చిటికెన వేలికి కొస లేనోడు, సోసిమో, ఎరుగుదువా అనింది. పంతులు ఎదరే ఉన్నాడు. చదవడం అయ్యాక ఫోను నొక్కింది, ఇప్పుడు చెప్పమనింది. చెప్పా."

"చూడకుండా ఎందుకు చెప్పారు?"

"మొదట మావోడి సంగతి చెప్పబోయా. తిబుర్సియో. ఆదివారం సంతకి గుడ్లు అమ్మబోయాడు, తిరిగి రాలా. ఆ మాట ఎత్తంగానే పంతులు ఆ పిల్ల చెవిలో చెప్పాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. దానికి సోసిమోనే కావాలంట." బసిలియా మళ్ళీ కదురు తిప్పసాగింది. "సరే, ఆ సోసిమో కూడా ఎవురో తల్లి కన్నబిడ్డే గదా అనుకున్నా. వాడికి నా చేతిలో మొక్కజొన్న పెట్టా, నా దుప్పటి కప్పా. యాడో ఇంకో ఊళ్ళో ఇంకో ముసల్ది నా తిబుర్సియోకి అట్టా చెయ్యకపోద్దా అని. చేల్లో పని చేసుకోడంలా? ఇయ్యాల నేను నీ చేలో, రేపు నువ్వు నా చేలో."

కోడి ఒకటి వచ్చి ఇలారియా పావడా అంచు పొడిచింది. ఆమె కదల్లేదు. ఆ పొద్దున వ్యానులో ఆమె మనసులోనే ఈ ముసలామెని తల్లి ఎదుట కూర్చోబెట్టింది. అన్న గుర్రాన్ని బల్ల మీద పెట్టింది. ఇరవై ఆరేళ్ళ పళ్ళేన్ని తీసి గోడకి వేలాడదీసింది. మూడు గంటల్లో అంతా చేసేసింది.

లేచి వెళ్ళబోతుంటే బసిలియా పావడా పట్టుకుంది.

"నువ్వు రాసేదానివి గదా. మావోడికి కూడా ఒకటి రాసిపెట్టు తల్లీ. పెద్దదేం వద్దు. ఎవురో పక్కన ఉన్నట్టు. నోట్లో నీళ్ళు పోసినట్టు."

మర్నాడు ఇలారియా విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్ళింది. పదిహేడేళ్ళుగా ఆ అరల్లోకి కాగితం పంపుతోంది గానీ లోపల అడుగు పెట్టింది లేదు. గుర్తింపు కార్డు లేదని గుమస్తా ఆపితే, అక్కడున్న థీసిస్‌లలో సగం తన చేతివేనంది. అతనికి అర్థం కాలేదు గానీ తోవ ఇచ్చాడు. ఆ గడ్డం కుర్రాడి థీసిస్ కింది అరలో, ఎవరో ఎప్పుడో కాఫీ ఒలకబోసిన మరకతో ఉంది. తెరిచింది. పాత టైపు మిషను సున్నాలాంటి 'o' అక్షరం కొట్టినచోటల్లా కాగితానికి చిల్లు పొడిచేది. తొంభై నాలుగో పేజీ నిండా ఆ చిల్లులు. వాటి మధ్య ఒక వాక్యం. ఆ టేపులో ఏ గొంతూ పలకని వాక్యం.

అతని ఎడమ చేతి చిటికెన వేలికి కొస లేదు.

తనే రాసింది. రాసిన సంగతి జ్ఞాపకం లేదు. ఆ రోజు గదిలో ఎవరు కూర్చుని ఆ వాక్యం కొట్టారో ఆమెకి తెలియదు. వేలు తనది, మిషను తనది, అంతే. కిటికీ లోంచి వచ్చిన ఎండ ఆ పేజీ చిల్లుల్లోంచి కింది పేజీ మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆమె పుస్తకం మూసి ఉన్నచోటే పెట్టేసింది.

సాయంత్రం నొయెమి వస్తే దాపరికం లేకుండా అంతా చెప్పింది. ఆ పిల్ల ముందు నవ్వింది. తర్వాత నవ్వు మొహం మీద ఉండగానే రంగు పోయింది.

"పదకొండు చోట్లా మీరేనా?"

"నేనే."

"ఒక్కటైనా నిజం..."

"చావులన్నీ నిజమే. మనిషే వేరు."

నొయెమి బైండింగు మిషను పక్కన నేల మీద కూలబడింది. శాలువా జారి కాగితం ముక్కల్లో పడింది. ఆమెని చూస్తే ఇలారియాకి జాలేసింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మూడేళ్ళు ఒక చచ్చినవాణ్ణి వెంబడించి చివరికి ఒక టైపు కొట్టులో పట్టుకుంది.

"ఇంకెవరికైనా చెప్పారా డోన్యా?"

"ఎవరడిగారు?"

నొయెమి తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి గానీ వాటిలో అప్పుడే ఇంకేదో వెలుగుతోంది.

"ఒకవేళ ఇది ఆరో అధ్యాయం అయితే? జనం పుట్టించిన కథ వెనక ఉన్న మనిషి. మీరు ఇప్పుడు చెప్పింది మళ్ళీ చెబుతారా? రికార్డు చేసుకుంటాను. మీ పేరు మారుస్తాలెండి, భయం లేదు."

ఇలారియా ఆ పిల్ల చేతిలో ఫోను తీసుకుని, తెర చీకటి చేసి, తిరిగి చేతిలో పెట్టింది.

"బసిలియా కొడుకు పేరు తిబుర్సియో. ఆదివారం సంతకి వెళ్ళాడు. రాయాలంటే అది రాయి."

"అసలు పేర్లు రాయకూడదు కదా," అంది నొయెమి. నిజంగా బాధపడుతూనే అంది. "నిబంధన."

అక్టోబరు ఇరవై ఎనిమిదిన వైవా జరిగింది. సోసిమో లేడని నొయెమి రెండు గంటలు నిరూపించింది. ఆరో అధ్యాయం లేదు. ముగ్గురు ప్రొఫెసర్లూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడట. పుస్తకంగా వేస్తారట. ఆ సంగతి ఫోటోకాపీ కొట్టతను చెప్పాడు. ఇలారియా అప్పటికి ఇంకో విద్యార్థి టేపు రాస్తోంది. సంతల్లో అమ్ముకునే ఆడవాళ్ళ మాటల గురించిన థీసిస్ అది. అందులో ఉల్లిపాయలు అమ్ముకునే ఒకామె, దారి పక్కన పడి ఉన్న ఒక కుర్రాడి నోట్లో తన కుండలో నీళ్ళు పోసి, చీకటి పడేదాకా ఈగలు తోలింది. అంతకన్నా మంచి చావు ఆ టేపుల్లో లేదు. ఇలారియా ఆ కుర్రాడికి తిబుర్సియో అని పేరు పెట్టింది. అతని పక్కన గుడ్ల బుట్ట ఒకటి ఉందని కూడా రాసింది. ఈసారి తెలిసే రాసింది.

నవంబరు మొదటి రోజు పొద్దున ఆమె రొట్టెల వీధికి వెళ్ళి తండ్రి గుర్రం, నాయనమ్మ బొమ్మ, ఇంకా రెండు గుర్రాలు తెచ్చింది. తల్లి బల్ల మీద నల్లగుడ్డ పరుస్తోంది. రెండు గుర్రాలు ఎక్కువున్నాయని దూరం నుంచే పసిగట్టింది.

"మళ్ళీ మొదలెట్టావా?"

"చూసినామె దొరికిందమ్మా."

తల్లి చేతులు గుడ్డ మీద ఆగాయి.

ఇలారియా చెప్పింది. ఉచుకాంచాలో బసిలియా అనే ఆమె. గుమ్మం దగ్గరికి వచ్చాడు. మొక్కజొన్న పెట్టింది. రెండు గింజలు తిన్నాడు.

"తీసుకొచ్చావా ఆమెని?"

"ముసలిది. కొండ దిగలేదు."

"వేలు చూసిందా?"

"నేనడక్కుండానే చెప్పింది."

తల్లి మెల్లగా కుర్చీలో కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

"చలేసిందా వాడికి?"

"దుప్పటి కప్పింది."

"ఏ రంగుది?"

"గోధుమరంగు. అంచు ఎరుపు."

"యాడ పెట్టారు?"

"మొక్కజొన్న చేను గట్టున. పక్కనే నీళ్ళు పారుతుంటాయి. చప్పుడు వినపడుద్ది."

ఒక్క మాట తడుముకోలేదు. పదిహేడేళ్ళ అనుభవం. తల్లి ప్రతి మాటకీ తల ఊపింది. కళ్ళలో నీళ్ళు లేవు. పొద్దున్నించీ మోస్తున్న బరువు ఇక దించెయ్యమన్న మాట విన్న కూలీలా ఉంది ఆమె మొహం. లేచి, కుంటుకుంటూ వెనక గదిలోకి పోయి, పెట్టె తాళం తీసి, గుడ్డ మూట తెచ్చింది. పదకొండేళ్ళ గుర్రం. రాయిలా బిగిసి, ఒక కాలు విరిగి, మొహం మీద పంచదార పూత పసుపుపచ్చగా మారి ఉంది. దాన్ని మొగుడి గుర్రం పక్కన తన చేత్తో పెట్టింది.

"కొత్తది తెచ్చాను కదమ్మా."

"వాడిది ఇదే. కొత్తది నువ్వు తిను." రెండో గుర్రం చూసింది. "మరి ఇదెవురికి?"

"తిబుర్సియో అని. ఒకామె కొడుకు. రొట్టె పెట్టేవాళ్ళు లేరు."

"అయితే జరుపు అటు. నలుగురికీ చోటు చాలొద్దూ?"

మధ్యాహ్నం గంట మోగినప్పుడు తల్లి ఒక్కొక్కరి పేరూ పైకి పిలిచింది. సోసిమో పేరు పిలవడం ఇలారియా విన్నది. ఇరవై ఆరేళ్ళలో ఆ పేరు ఆ గొంతులో చచ్చినవాళ్ళ వరసలో రావడం అదే మొదలు. గాలి లేదు. బల్ల మీద కొవ్వొత్తులు నిలకడగా కాలాయి. మొక్కజొన్న సారాయి గ్లాసులో నురగ కూడా కదల్లేదు. ఎవరూ వచ్చినట్టు లేదు. వచ్చాడులే అంది తల్లి తృప్తిగా.

నవంబరు మూడో తేదీ పొద్దున ఇలారియా లేచేసరికి తల్లి అప్పటికే పొయ్యి ముట్టించింది. పాలు కాగుతున్నాయి. తల్లి ఏదో పాత పాట కూనిరాగం తీస్తోంది. ఆమె పాడటం విని ఎన్నేళ్ళయిందో. బల్ల మీద పళ్ళేలు రెండే ఉన్నాయి. మూడోది గోడ మేకుకి వేలాడుతోంది, తుడిచి, మెరుస్తూ.

తల్లికి ఇప్పుడు కొడుకు ఎక్కడున్నాడో తెలుసు. లైబ్రరీలో పదకొండు పుస్తకాలకి తెలుసు. అతను అసలు లేడని నొయెమికీ ముగ్గురు ప్రొఫెసర్లకీ తెలుసు. అతను చచ్చాడో బతికున్నాడో తెలియనిది ఈ ప్రపంచంలో ఇంక ఇలారియా ఒక్కతే.

తల్లి పాలగిన్నె దించడానికి వెనక్కి తిరిగింది. ఇలారియా మేకుకి ఉన్న పళ్ళెం తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద తన పక్కన పెట్టుకుంది.